వీధి గీసిన బొమ్మ

మా కార్స్‌డేల్‌కు ప్రముఖులు లేరని నేననను. ఉన్నారు, కానీ చెప్పుకోవాలంటే కాస్త మొహమాటపడాలి. ఒక బిషప్పుగారు ఇక్కడ పుట్టారు. అదీ వాళ్ళమ్మ ఇంకెక్కడికో వెళ్తుంటే గుర్రబ్బండిలో నొప్పులు మొదలై దిగాల్సొచ్చింది కాబట్టి. పచ్చి బాలింతగానే ఆవిడ బిడ్డనెత్తుకుని వెళ్ళిపోయింది, ఆయన మళ్ళీ ఈ ఊరి మొహం చూసిన పాపాన పోలేదు. ఒక క్రికెట్ ఆటగాడున్నాడు, జిల్లా జట్టుకు ఒకే ఒక్క మ్యాచ్ ఆడి సున్నాకు అవుటయ్యాడు. గొర్రెల దొంగ ఒకణ్ణి ఉరితీశారు, ఉన్నవాళ్ళలో అతనే నయం. ఇలాంటి ఊళ్ళో పుట్టిన రోసలిండ్ గ్రేటోరెక్స్ పేరు లండన్ పేపర్లలో పడితే మావాళ్ళు పాలలా పొంగారంటే నేను తప్పుపట్టను. ఆ పాలు పొంగి ఎవరి పొయ్యి ఆర్పాయన్నదే నా కోపం.

నేను చెప్పబోయేది రోసలిండ్ కథ కాదు. ఆమె సంగతి చెప్పడానికి ఇత్తడి ఫలకం ఉంది. ఇది ఎనిడ్ ట్విగ్ కథ. ఆమెకు ఫలకం లేదు, ఉండదు కూడా.

నా పేరు సుభద్ర. ఈ ఊళ్ళో అది నోరు తిరగక సూ చేసేశారు. ఇళ్ళకు తిరిగే నర్సుగా వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది, నేను కట్టు కట్టని కాలు ఈ ఊళ్ళో లేదు. వచ్చిన కొత్తలో బస్సు డ్రైవరు "ఎక్కడికి, బాతూ?" అంటే వీడికెంత పొగరు అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇక్కడ ఆడా మగా, ముసలీ ముతకా అందరూ బాతులే, అది ముద్దుపేరు. ఇప్పుడు నేనూ అందర్నీ అలాగే పిలుస్తున్నాను.

ఎగువ బావి వీధిలో చివరి ఇల్లు ఎనిడ్‌ది, దాని పక్కది నాది. ఆమె పుట్టింది ఆ ఇంట్లోనే. బడి మానగానే నాడాలు నేసే మిల్లులో చేరి, మిల్లు మూతపడేదాకా మగ్గం ముందు నిలబడింది. మొగుడు వాల్టర్ సున్నపురాయి గనిలో పనిచేసేవాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని మంచాన పడితే నేనే వెళ్ళి చూసుకునేదాన్ని, అలా మా పరిచయం. ఎనిడ్ పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. మాట తక్కువ, వెటకారం ఎక్కువ. వాల్టర్‌ను పాతిపెట్టిన రోజు వాన దంచుతోంది. గొడుగు పట్టుకోబోతే వద్దని, "బతికినన్నాళ్ళూ దుమ్ము తిన్నాడు, ఇప్పుడైనా కాస్త తడవనీ" అంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతూనే ఉన్నాయి. అదీ ఆమె వరస.

ఇక బావి సంగతి. ఎప్పుడో పెద్ద కరువొచ్చి చుట్టుపక్కలన్నీ ఎండినా మా ఊటలు ఎండలేదట. బావి అంటే గిలకా చేదా కాదు, కొండ గోడలోంచి రాతి తొట్టిలోకి పడే ఊట. ఆ మేలు మరవకుండా ఏటా జూలైలో ప్రతి బావి వెనకా ఒక పెద్ద చెక్క పలక నిలబెట్టి పూలతో బొమ్మ పరుస్తాం. పలకను మిల్లు చెరువులో నానేస్తాం. బంకమట్టిలో ఉప్పు కలిపి కాళ్ళతో తొక్కి దానికి మెత్తుతాం. కాగితం మీది బొమ్మను సూదులతో గుచ్చి మట్టి మీదికి దించి, గీతల వెంబడి నల్లటి ఎండుకాయలు పేర్చి, ఆపైన రేకులు అద్దుతాం. కింది వరస నుంచి పైకి, ఇంటి పెంకుల్లాగా, వాన పడితే నీళ్ళు జారిపోవాలి కదా. వీధి వీధంతా బావి పక్కనున్న షెడ్డులో చేరి నడుములు పట్టేసేదాకా చేస్తుంది. ఇంతా చేసి వారం తిరక్కుండా వాడిపోయే బొమ్మ అది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇదేం పిచ్చి అనిపిస్తుంది గానీ నాకు అనిపించలేదు. పొద్దున వేసి సాయంత్రానికి తొక్కించుకునే ముగ్గుల ఇంట్లోంచి వచ్చినదాన్ని.

బొమ్మ గీసేదెవరు? అక్కడే ఉంది మా వీధి ఆచారం. జూన్ మొదట్లో ఒక ఉదయం షెడ్డు తలుపు తీస్తే బల్ల మీద చుట్టిన కాగితం ఉంటుంది. ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. బొమ్మ మట్టి మీదికి దిగాక ఆ కాగితాన్ని షెడ్డు పొయ్యిలో వేసి, ఆ మంట మీదే టీ కాస్తారు. చూడవచ్చినవాళ్ళు ఎవరు గీశారని అడిగితే పసిపిల్లలతో సహా అందరిదీ ఒకటే జవాబు. "వీధి గీసింది." నీళ్ళు ఎవరి సొత్తూ కానప్పుడు నీళ్ళకు పెట్టే బొమ్మ మాత్రం ఎవరి సొత్తు?

అలాగని వీధిలో తెలియనిదెవరికి? మే నెలంతా ఎనిడ్ ముందుగది తెరలు వేసే ఉంటాయి, ఆమె వేళ్ళు బొగ్గు నలుపు తేరి ఉంటాయి. మాంసం కొట్టతను "చేతులకు ఆ మసేంటి, ఎనిడ్?" అంటాడు కళ్ళు చికిలిస్తూ. "పొగగొట్టం తుడిచాను, బాతూ" అంటుంది ఈమె. మే నెలలో రోజూ పొగగొట్టం తుడుచుకునే ఇల్లు ఇంగ్లండు మొత్తానికి అదొక్కటే.

అంతకుముందు బొమ్మలు గీసిన ముసలాయన, షాపుల బోర్డులు రాసే పెయింటరు, చనిపోయిన ఏటికి ఎనిడ్ ఇంకా పెళ్ళికాని పిల్ల. ఈసారి బావి బోసిగా ఉండాల్సిందే అని పెద్దవాళ్ళు తీర్మానించుకున్నాక ఒక ఉదయం బల్ల మీద కాగితం కనబడింది. ఆ తెల్లవారుజామున ఎనిడ్ షెడ్డులోకి దూరుతుంటే గుమ్మం దగ్గర నిలబడి కాపలా కాసింది రోసలిండ్. ఇద్దరిదీ ఒకే వీధి, బళ్ళో ఒకే బెంచీ, ఒకే కంచంలో తిన్న స్నేహం. ఊరంతటికీ తెలిసిన రహస్యమే అయినా ఎనిడ్ తన నోటితో చెప్పుకున్నది ఆ ఒక్కదానికే.

తర్వాత రోసలిండ్ బొమ్మల బడికి లండన్ వెళ్ళిపోయింది. అయినా ఏటా జూలైకి వచ్చేది, ఎనిడ్ ఇంట్లోనే దిగేది, షెడ్డులో మాతోపాటు కూర్చుని రేకులు అద్దుతూ మధ్యమధ్య తన పుస్తకంలో బొమ్మను గీసుకునేది. "చూడు, ఎంత ఇష్టమో దానికి మన బావంటే, గుర్తుకోసం గీసుకుపోతోంది" అని ఎనిడ్ మురిసిపోయేది. కొన్నేళ్ళకు రోసలిండ్ పెద్ద పెద్ద చిత్రాలు గ్యాలరీల గోడలకెక్కాయి. వరసలు వరసలుగా రేకులు, కింద నుంచి పైకి. ఒకసారి ఆసుపత్రిలో పత్రిక తిరగేస్తుంటే అందులో ఒక చిత్రం కనబడింది. అది అంతకుముందు ఏడు మేము నడుములు విరగ్గొట్టుకుని చేసిన బొమ్మ. నర్సుగా ఉండీ ఆ పేజీ చింపుకొచ్చాను.

ఎనిడ్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"రంగులు బాగా కుదిరాయి" అంది.

"అంతేనా?"

"ఇంకేమనాలి, బాతూ? బొమ్మ వీధిది. వీధిపిల్లే తీసుకెళ్ళింది."

"సొమ్మొకడిది సోకొకడిది అంటారు మావైపు."

"మీవైపు నోళ్ళు పెద్దవిలే" అని పేజీని మడతపెట్టి సొరుగులో దాచుకుంది. ఆమెకు గర్వంగానే ఉంది. అది నాకు తెలుస్తూనే ఉంది, నాకు మండుతూనే ఉంది.

ఇదంతా ఇలాగే నడిచిపోయేది, ఊళ్ళో ప్రముఖుల బాట అని ఒకటి పెట్టకపోతే. కౌన్సిల్లో గ్యారట్ అనే పెద్దమనిషి ఉన్నాడు, రిటైరైన బ్యాంకు మేనేజరు, ఖాళీగా ఉండలేని జబ్బు. ప్రముఖుల ఇళ్ళకూ చోట్లకూ ఇత్తడి ఫలకాలు బిగిస్తే టూరిస్టు బస్సులు మన ఊళ్ళో ఆగుతాయన్నాడు. దానికో కమిటీ, కమిటీకో కార్యదర్శి. ఆ కార్యదర్శి ఎనిడ్ కూతురు హెదర్. మార్కెట్ వీధిలో టీ దుకాణం నడుపుతుంది, బస్సులు ఆగితే ఆమెకూ మంచిదే. చెడ్డపిల్ల కాదు. చిన్నప్పుడు అమ్మ గీస్తున్న బల్ల కింద పడుకుని, అడిగినప్పుడల్లా బొగ్గుముక్క అందించిన పిల్ల. అందుకే నాకు బాధ.

వసంతంలో ఒక సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాల్లో అందర్నీ పిలిచారు. గ్యారట్ ఒక్కొక్క ఫలకం మీద రాయబోయే మాటలు చదువుతున్నాడు. బిషప్పు అయ్యాడు, క్రికెటరు అయ్యాడు. తర్వాత గొంతు సవరించుకుని చదివాడు. "రోసలిండ్ గ్రేటోరెక్స్, చిత్రకారిణి. ఎగువ బావి బొమ్మలను చిన్ననాటి నుంచి గీస్తున్నది ఈమే." కాగితం దించి అన్నాడు. "ఫలకం బావి గోడకే బిగిస్తాం. జూలైలో ఆవిడే వచ్చి ఆవిష్కరిస్తారు."

నా చెవులు నేను నమ్మలేదు. నా ఎడమపక్కన ఎనిడ్ కూర్చుని ఉంది. ఆమె కదల్లేదు. నేను లేచాను.

"ఆవిడ గీసిందని ఎవరన్నారండీ?"

"ఆవిడే అన్నారమ్మా, రేడియోలో. లండన్ వెళ్ళాక కూడా ఏటా పంపేదాన్నని చెప్పారు. నువ్వు వినలేదా?"

"రేడియోలో అంటే నిజమైపోతుందా?"

"సరే, మరి ఎవరు గీశారో నువ్వు చెప్పు, సూ" అన్నాడు గ్యారట్ చేతులు కట్టుకుని. "కాగితం ఏదైనా ఉంటే చూపించు, ఇప్పుడే మార్చేస్తాను."

కాగితాలన్నీ మేమే తగలబెట్టుకున్నాం. ఇలాంటి తెలివితక్కువ పని మా వీధి తప్ప ఇంకెవరు చేస్తారు? దొంగకు తాళాలిచ్చి, దొంగిలించాడని చెప్పడానికి సాక్ష్యం కూడా లేకుండా చేసుకున్నాం. పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎనిడ్ వైపు చూశాను. వద్దన్నట్టు తల ఊపింది.

"వీధి గీసింది" అన్నాను.

"ఇత్తడి మీద వీధి పేరు చెక్కిస్తే ఎవరు చూడ్డానికొస్తారు?" అన్నాడు. హాల్లో నవ్వులు.

అప్పుడు హెదర్ లేచింది. కేకలేమీ వెయ్యలేదు, మెత్తగానే మాట్లాడింది.

"అమ్మా, ఎవరిదీ కాదని నువ్వే కదా ఎప్పుడూ అంటావు. ఎవరిదీ కానిదానికి రోసలిండ్ పేరు పెడితే ఎవరికేం పోయింది? ఆవిడ మన మనిషే కదా. ఊరికి నాలుగు బస్సులొస్తాయి."

కంచే చేను మేయడం అంటే విన్నాను గానీ చూడ్డం అదే మొదటిసారి. ఎనిడ్ కూతురి మొహంలోకి చూసింది. ఏదో అడగబోయి మానేసింది. గ్యారట్ చేతులెత్తమన్నాడు. చేతులు లేచాయి. మాంసం కొట్టతని చెయ్యి, తపాలా ఆఫీసావిడ చెయ్యి, షెడ్డులో నా పక్కన కూర్చుని రేకులు అద్దిన చేతులు, నేను కట్టు కట్టిన చేతులు. ఒక్కరూ ఎనిడ్ మొహం చూడలేదు. ఎనిడ్ మాత్రం ఒళ్ళో సంచీ మీద రెండు చేతులూ పెట్టుకుని, లేచిన ప్రతి చేతినీ వరసగా చూసుకుంటూ పోయింది. ఎత్తనివి ఆమె చెయ్యీ నా చెయ్యీ.

ఇంటికి నడుస్తుంటే ఆగలేక అడిగాను. "నన్నెందుకు ఆపావు? చెప్పేసుంటే పోయేది."

"చెబితే నేనూ రోసలిండ్ లాంటిదాన్నే కదూ" అంది. కాసేపయ్యాక, "హెదర్ ఆ బల్ల కిందే పెరిగింది, సూ" అంది.

ఆ ఏడు జూన్‌లో కాగితం వస్తుందని నేననుకోలేదు. వచ్చింది. మిల్లు చెరువులో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, దాని కాలి చుట్టూ నీటి వలయాలు. అంత మంచి బొమ్మ నేను ఇదివరకు చూడలేదు. షెడ్డులో అందరూ దాన్ని చూసి తలలు దించుకున్నారు, తర్వాత తేరుకుని మట్టి తొక్కడం మొదలెట్టారు. సిగ్గు కన్నా పని తేలిక కదా. ఎప్పటిలాగే కాగితం పొయ్యిలో పడింది.

ఆవిష్కరణకు ముందు గురువారం మధ్యాహ్నం రోసలిండ్ వచ్చింది. మేమిద్దరం ఎనిడ్ వంటింట్లో కూర్చుని నీలం పూల రేకులు తుంపుతున్నాం. తెల్లజుట్టు, మెడలో పట్టు కండువా, ఊళ్ళో అడుగుపెట్టగానే నోట్లోకి మా యాస వచ్చేస్తుంది ఆవిడకు.

"ఎనిడ్, బాతూ, నన్ను తిట్టు. నువ్వు తిడితేగాని నాకు నిద్రపట్టదు" అంటూ వచ్చి వాటేసుకుంది.

"కూర్చో. ఏమన్నా తిన్నావా?" అంది ఎనిడ్.

అంతే, పొయ్యి మీద పెనం ఎక్కింది. ఓట్స్ పిండి అట్లు, లోపల చీజు, పక్కన వేయించిన మాంసం. రోసలిండ్ ఆవురావురుమంటూ తిని, చేతులు తుడుచుకుని చెప్పింది. "వాళ్ళు ఏదో అడిగారు, నేనేదో అన్నాను. నోరు జారింది. జారిన మాట రేడియోలో వచ్చేసింది. దిద్దుకుందామనుకునే లోపల గ్యారట్ ఉత్తరం రాశాడు, పేపరువాడు రాశాడు. ఎలా ఆపను?"

"నాకు ఫలకం గొడవ వద్దు" అంది ఎనిడ్. "బిగిస్తే బిగించుకోనీ, ఇత్తడే కదా. నా పేరు కూడా వద్దు. వీధి గీసిందని ఒక్క మాట అను. శనివారం, అందరి ముందూ, నీ నోటితో. అంతే నేనడిగేది."

"అంతేనా? అంతకన్నా ఎక్కువే చెప్తాను."

"ఎక్కువ వద్దు. అంతే చాలు."

రోసలిండ్ ఆమె చేతులు రెండూ పట్టుకుంది. "షెడ్డు మీద ఒట్టు" అంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నేను మాత్రం రేకులు తుంపుతూ కూర్చున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాను గానీ, వాసాలు ఊడబెరుక్కుపోయి మళ్ళీ ఆ ఇంటికే భోజనానికి వచ్చినదాన్ని అప్పుడే చూశాను.

ఆవిడ వెళ్ళాక ఎనిడ్ మొహం విచ్చుకుంది. వారాల తర్వాత మొదటిసారి ఏదో కూనిరాగం తీస్తూ నీలం గౌను ఇస్త్రీ చేసుకుంది.

"ఇప్పుడేమంటావు, నోరుగలమ్మా?" అంది నన్ను.

"శనివారం అంటాను."

"నీకు మనుషుల మీద నమ్మకం లేదు."

"నీకు ఎక్కువుంది. ఇద్దరం కలిసి పంచుకోవాల్సింది."

నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకే అనుమానపడ్డందుకు సిగ్గేసింది. ఏమో, ఒకే కంచంలో తిన్నవాళ్ళు కదా, చెబుతుందేమో అనుకున్నాను.

శనివారం వాన లేదు. బాండువాళ్ళు వాయించారు, ఫాదరుగారు నీళ్ళను దీవించారు. కొంగ బొమ్మ ఎండలో మెరిసిపోతోంది. వీధి నిండా జనం, కెమెరాలు, రెండు బస్సుల మంది పరాయివాళ్ళు. ఎనిడ్ ముందు వరసలో, ఒకపక్క నేను, ఒకపక్క హెదర్. గ్యారట్ గుడ్డ లాగాడు, ఇత్తడి తళతళలాడింది. రోసలిండ్ మైకు ముందుకొచ్చింది.

"ఈ బావికి ఒక రహస్యం ఉంది" అని మొదలుపెట్టింది.

ఎనిడ్ నా చెయ్యి పట్టుకుంది.

"బొమ్మ ఎవరు గీశారని మా వీధిలో ఎవర్ని అడిగినా ఒకటే చెబుతారు. వీధి గీసింది అంటారు." అక్కడ ఆగి జనమంతా కలయజూసింది. ఎనిడ్ పట్టు బిగిసింది. చెప్పేసింది, అయిపోయింది అనుకున్నాను, నిజంగా అనుకున్నాను. "ఇన్నేళ్ళూ నేనూ అలాగే అన్నాను. పేరు చెప్పుకోకూడదని నోరు కట్టుకున్నాను. ఇవాళ మీరంతా కలిసి నా చేత నిజం ఒప్పించారు."

చప్పట్లు. ఎనిడ్ చెయ్యి నా చేతిలో చల్లబడిపోయింది.

"గీసింది నా చెయ్యే కావచ్చు" అంటోంది ఆవిడ. "రేకులు అద్దింది మాత్రం వీళ్ళు. అందరికన్నా ముందు నా ప్రాణస్నేహితురాలు ఎనిడ్ ట్విగ్. ఆ షెడ్డులో ఏటా తను కాచి పోసిన టీ లేకపోతే ఒక్క రేకు అతుక్కునేది కాదు. ఎనిడ్, ఒక్కసారి లేచి నిలబడు."

నవ్వులు, చప్పట్లు, ఈలలు. పరాయివాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు, టీ కాచిన ముసలమ్మ ఎవరా అని. హెదర్ మోచేత్తో తట్టింది. "లే అమ్మా, చూస్తున్నారు." ఎనిడ్ లేచింది. ఇంతకాలం ఆ వీధి నోట్లో పెట్టుకుని దాచిన పేరు మొదటిసారి మైకులో మోగింది, టీ కాచేదానిగా. నా ఒళ్ళు భగ్గుమంది. నోరు తెరిచాను. ఎనిడ్ గోళ్ళు నా అరచేతిలో దిగాయి.

"వద్దు" అంది పళ్ళ సందునుంచి. "నలుగురిలో వద్దు."

రోసలిండ్ దిగివచ్చి ఆమెను కావలించుకుంది. కెమెరాలు టకటకమన్నాయి. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఆవిడ చెవిలో అన్నది నాకూ వినబడింది.

"నీ పేరు కూడా చెప్పాను, చూశావా?"

"చెప్పావు" అంది ఎనిడ్.

ఈసారి రోసలిండ్ హోటల్లో దిగింది, ఆ రాత్రి పేపరువాళ్ళతో భోజనముందట. వీధిలోవాళ్ళు ఎనిడ్‌ను చూస్తే వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు. ఇంత వాతావరణం మా ఊళ్ళో ఎప్పుడూ లేదు. మాంసం కొట్టతను అడక్కుండానే మంచి ముక్క వేసి ఇస్తే ఆమె తీసుకోకుండా వచ్చేసింది. హెదర్ ఆదివారం భోజనానికి పిలిస్తే వెళ్ళి, తిని, గిన్నెలు కడిగిపెట్టి వచ్చేది. కూతురు కదా, మానుకోలేదు. కానీ ఏమి మాట్లాడుకున్నారని అడిగితే "వంకాయల ధర పెరిగిందట" అనేది. నమ్మి నానబోస్తే పుచ్చిపోయినట్టయింది ఆమె బతుకు.

మరుసటి ఏడు జూన్‌లో షెడ్డు తలుపు తీస్తే బల్ల ఖాళీ. మర్నాడూ ఖాళీ. ఒంట్లో బాగోలేదేమో అని గుసగుసలాడుకున్నారు. పలక చెరువులో నానుతోంది, మట్టి తెచ్చి పోశారు, గీయడానికి గీత లేదు. చివరికి హెదర్ వచ్చింది. నేను ఎనిడ్ వంటింట్లోనే ఉన్నాను, లేచి వెళ్ళబోతే ఎనిడ్ కూర్చోమంది.

"అమ్మా, కాగితం ఇంకా..." అంది హెదర్.

ఆ వీధి పుట్టాక ఆ మాట నోరు విడిచి అడిగింది తనే మొదలు.

"ఏ కాగితం?" అంది ఎనిడ్.

"నీకు తెలుసుగా."

"నాకేం తెలుసే? నేను టీ కాచేదాన్ని. కూర్చో, కాచిస్తాను, నాకొచ్చింది అదేగా."

నిజంగానే కెటిల్ పెట్టింది. కప్పులు తీసింది, పాలు పోసింది. హెదర్ మొహం పాలిపోయింది.

"నేను బావి కోసమే, ఊరి కోసమే అన్నానమ్మా. ఆవిడ అలా అంటుందని నాకేం తెలుసు?"

"గీసింది ఎవరో అప్పుడు నీకు తెలుసా?"

హెదర్ తల దించుకుంది.

"అది చెప్పు చాలు. నీకు తెలుసా?"

"నువ్వేనని తెలుసు" అంది ఏడుస్తూ. "ఇప్పుడు చెబుతాను. అందరికీ చెబుతాను. ఫలకం పీకించేస్తాను."

"ఎవరు నమ్ముతారు? టీ కాచే ముసలిదానికి పేరు పిచ్చి పట్టిందంటారు. రోసలిండ్‌నే అడగండి, బొమ్మ పంపమని."

"అడిగాం. ఈ ఏడు తీరిక లేదంది."

"పాపం" అంది ఎనిడ్. కప్పు కూతురి ముందుకు జరిపింది. హెదర్ ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయింది.

తలుపు పడగానే నేను బల్ల మీద చరిచాను. "భలే బుద్ధి చెప్పావు, బాతూ. బోసి బావి చూసుకుని ఏడవనీ అందర్నీ."

ఎనిడ్ నావైపు వింతగా చూసింది. నన్ను ముందుగదిలోకి తీసుకెళ్ళింది. తెరలు వేసే ఉన్నాయి. బల్ల మీద కాగితం పరిచి ఉంది, గీసి చెరిపి గీసి చెరిపి నల్లగా మాసిపోయిన కాగితం. కింద నేల మీద అలాంటివే చుట్టలు చుట్టలు.

"నేను పంతానికి మానెయ్యలేదు, సూ. మే నెలంతా కూర్చున్నాను. పిట్ట గీస్తే అది రోసలిండ్ పిట్ట. ఆకు గీస్తే దాని ఆకు. ఇక నేనేం గీసినా ఆవిడను చూసి నేర్చుకుందంటారు. ఎవరో అనక్కర్లేదు, నాకే అలా అనిపిస్తోంది. నా చెయ్యే నాకు దొంగచెయ్యిలా ఉంది."

గాయమైతే కట్టు కట్టగలను. ఆ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆ జూలైలో ఎగువ బావి వెనక పలక లేవలేదు. రోసలిండ్ ఫలకం మాత్రం గోడకుంది, బస్సులు ఆగుతున్నాయి. ఎనిడ్ ఆ వైపు నడవడం మానేసింది. తప్పు చేసినవాళ్ళంతా ఆ బావి ముందునుంచే దర్జాగా తిరుగుతుంటే, ఆమె పాల కోసం కూడా కిందిదారిన ఊరంతా చుట్టి వెళ్తోంది.